ఎడమవైపు గోడ

మా స్కూల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. చెప్పులే కాదు, టిఫిన్ డబ్బా, తడి గొడుగు, సుద్ద అంటిన చేతులు, చివరికి దగ్గు కూడా నిషిద్ధం. ఆ గది చూసుకునే మేడమ్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని స్వెటర్ అల్లుకుంటూ కూర్చునేది. నేను లెక్కల టీచర్ని. నా చేతులకు సుద్ద ఎప్పుడూ ఉండేది. "మేడమ్‌జీ, హాథ్!" అనేది తలెత్తకుండానే. వెళ్ళి కడుక్కుని వచ్చేదాన్ని. తడి చేతులతో కరెంటు వస్తువు ముట్టుకోకూడదని అవి ఆరేదాకా మళ్ళీ గుమ్మంలో నిలబెట్టేది. దొరికిన ఒక్క ఖాళీ పీరియడ్‌లో సగం నాకు చేతులు ఆరబెట్టుకోవడంతోనే సరిపోయేది.

ఆ గదితో నాకంత అవసరం ఎందుకు పడిందో చెప్పాలంటే ముందు రాజ్మా గింజల సంగతి చెప్పాలి.

తొంభైల నడుమ మేం ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉండేవాళ్ళం. మావారు సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో సుబేదారు. మాది తెనాలి వైపు. ఆదివారాలు మావారు దర్యాగంజ్ పేవ్‌మెంట్ మీద పాత రేడియో పుస్తకాలు ఏరుకునేవారు. పక్కనే నిలబడి విసుగు పుట్టి నేనూ అట్టలు ఊడిన సైన్సు పత్రికల కట్ట ఒకటి కొన్నాను. అందులో ఒక ఆట గురించి రాశారు. ఆట అనడమే గానీ ఆడేవాళ్ళు లేరు, గెలుపోటములు లేవు. గళ్ళ కాగితం ఉంటుంది. ఒక్కో గడి బతికి ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. ప్రతి గడికీ చుట్టూ ఎనిమిది గళ్ళు. బతికున్న గడికి చుట్టూ రెండో మూడో బతికున్నవి ఉంటే అది నిలుస్తుంది. తక్కువైనా, ఎక్కువైనా పోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడు బతికున్నవి ఉంటే అందులో కొత్తది పుడుతుంది. అన్ని గళ్ళకూ ఈ లెక్క ఒకేసారి వేస్తే అది ఒక అడుగు. మొదట పేర్చడం వరకే మన చేతిలో ఉంటుంది. తర్వాత ఏం జరుగుతుందో చూస్తూ కూర్చోవడమే.

చాలా ఆకారాలు కాసేపు గందరగోళపడి చచ్చిపోతాయి. కొన్ని బిగుసుకుపోయి కదలకుండా ఉంటాయి. ఎక్కడో ఒకటీ అరా మాత్రం రకరకాలుగా మారి, కొన్ని అడుగుల తర్వాత మళ్ళీ మొదటి ఆకారానికి వస్తాయి. ఆ తర్వాత ఎప్పటికీ అలాగే తిరుగుతుంటాయి. ఇలాంటి తిరిగొచ్చేవాటిని వెతికేవాళ్ళు ప్రపంచంలో ఉన్నారనీ, దొరికినదాన్ని ఇంకా తక్కువ గళ్ళతో చెయ్యడానికి తంటాలు పడతారనీ ఆ వ్యాసంలో ఉంది. చదవగానే నాకు మనసు నిలవలేదు.

చార్టు కాగితం మీద గళ్ళు గీసి నేలమీద పరిచాను. బతికున్న గడికి రాజ్మా గింజ. కొత్తగా పుట్టేదానికి కాబూలీ శనగ. ఒకనాడు ఒక పెద్ద ఆకారం లెక్క సగంలో ఉండగా మావారు డ్యూటీ నుంచి బూట్లతో లోపలికి వచ్చారు.

"ఆగండి! కదలకండి!" అని అరిచాను.

ఆయన ఒక కాలు గాలిలోనే ఉంచి నిలబడిపోయారు. "ఏంటే ఇది? ఇంట్లో మందుపాతర్లు పెట్టావా?"

చెప్పాను. ఓపిగ్గానే విన్నారు.

"బాగానే ఉంది. మరి దీంతో ఏం లాభం?"

"ఏం లాభం లేదండీ."

"లాభం లేనిదానికి రాజ్మా ఎందుకు పాడు చెయ్యడం? శనివారం వండుదామన్నావుగా."

పదేళ్ళ మా అమ్మాయి గుమ్మంలోంచి తొంగిచూసి, "మమ్మీ, ఖానా కబ్ మిలేగా?" అంది, అన్నం ఎప్పుడు పెడతావని. తెలుగులో అడగమని కోప్పడితే మళ్ళీ అదే మాట, ఇంకొంచెం గట్టిగా, హిందీలోనే అడిగింది. నేను లేచేసరికి చీర కుచ్చిళ్ళు తగిలి చార్టు మూలంతా చెదిరిపోయింది. ఎక్కడున్న గింజలు ఎక్కడ పెట్టాలో ఇక ఆ దేవుడికే తెలియాలి.

అలాంటి రోజుల్లో స్కూలుకు కంప్యూటర్లు వచ్చాయి. అవి నా కోసమే వచ్చాయనుకున్నాను. సెలవుల్లో పుస్తకం చూసి ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. నేను రాసిన ప్రోగ్రాం మొదట ఒక కుదురులేని ముద్దను పెడుతుంది. చుట్టూ రకరకాల గోడలు కట్టి చూస్తుంది. లోపలి ముద్ద గోడను కొట్టుకుని, గోడ చెడకుండా ముద్ద మళ్ళీ మొదటి ఆకారానికి వస్తే ఆగి, బీప్ అని అరుస్తుంది. గోడ చెడితే ఇంకో గోడ కడుతుంది. మనిషి చేస్తే జన్మంతా పట్టే పని. మెషీన్ గంటలకొద్దీ ఆగకుండా నడవాలి, అంతే.

ఆ మేడమ్ దగ్గర అది మాత్రం కుదరదు. "మెషీన్ గరమ్ హో జాయేగా" అనేది. వేడెక్కుతుందట. దానికీ విశ్రాంతి కావాలట. బడి వదిలే గంట కొట్టగానే వరసగా స్విచ్చులు ఆపేసి, ఒక్కో మెషీన్‌కూ పూలపూల గుడ్డ కప్పేసేది, పసిపిల్లల్ని నిద్రపుచ్చినట్టు. మర్నాడు నేను మొదటినుంచీ మొదలుపెట్టాలి. ఆవిడ ఆపకపోతే కరెంటు పోయేది. రెండూ లేకపోతే పరీక్ష మార్కుల కార్డులు అచ్చు వెయ్యాలని ఆ మెషీన్ తీసుకునేవారు.

ఎక్కడ ఆగిందో ఫ్లాపీ మీద దాచుకుని, అక్కడినుంచే మొదలుపెట్టేలా ప్రోగ్రాం మార్చాను. బయటి ఫ్లాపీ తెస్తే వైరస్ వస్తుందని ఆవిడ దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. తర్వాత మేనల్లుడి పెళ్ళికని తాళంచెవితో సహా లూధియానా వెళ్ళిపోయింది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే, "పెళ్ళికదా మేడమ్, వచ్చేస్తుంది" అన్నాడు. ఆ పెళ్ళికి ఎన్ని విందులున్నాయో, ఆవిడ అన్నీ ముగించుకుని మిఠాయి డబ్బాతో తీరిగ్గా వచ్చింది. ఆ లడ్డూ తింటూ పళ్ళు కొరికాను.

చలికాలం పోతుండగా ఒక మధ్యాహ్నం మెషీన్ బీప్ అంది.

"క్యా తోడ్ దియా?" అంటూ ఆవిడ అల్లిక పడేసి లేచింది. ఏం విరగ్గొట్టావని. తెర మీద, గోడల మధ్య, ఒక ముద్ద దొర్లుతోంది. కుడి గోడను తాకుతోంది, చీలుతోంది, కిందికి జారుతోంది, కలుస్తోంది, సరిగ్గా ఏడో అడుగుకి మొదటిలా అయిపోతోంది. మళ్ళీ మొదలు. గోడలు చెక్కుచెదరలేదు. ఎంతసేపు చూశానో, ఆవిడే నా భుజం తట్టి, "ఘంటీ బజ్ గయీ" అంది, గంట కొట్టేశారని.

దాన్ని ఎవరికి చూపించాలి? మావారికి కాగితం మీద గీసి చూపిస్తే, "సంసార చక్రంలాగ ఉందే" అన్నారు. స్టాఫ్‌రూమ్‌లో సంస్కృతం టీచర్ పునర్జన్మ అన్నాడు. ఇంకొకాయన కర్మ సిద్ధాంతం అన్నాడు. ఎవరికి చూపించినా ఇదే వరస. గోడ ఎలా నిలిచింది అని ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మా పక్క క్వార్టర్‌లో వరంగల్ ఆవిడ ఉండేది. ఆవిడ తమ్ముడు నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. ఆదివారం అక్క చేతి వంట కోసం రెండు బస్సులు మారి వచ్చేవాడు. కుదురైన పిల్లవాడు. వాడొక్కడే కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

"నాకు మొత్తం సమజ్ కాలే అక్కా. కానీ మా ఆఫీసుల ఈమెయిల్ ఉన్నది. గిసొంటి ముచ్చట్ల మీద రాసుకునేటోళ్ళ గ్రూప్ ఉంటదట. ఎతికి పంపిస్త, రాసియ్యి."

చుక్కలు, నక్షత్రాల వరసలుగా ఆకారం మొత్తం రాసిచ్చాను. తప్పు పోకుండా రెండుసార్లు సరిచూశాను.

మరుసటి ఆదివారం వాడు వచ్చి, అక్క ఇంట్లో తిని, మా ఇంట్లో టీ తాగి, మావారితో క్రికెట్ మాట్లాడి, మా అమ్మాయి బొమ్మలు మెచ్చుకుని, ఇక మాటలు దొరక్క చివరికి అన్నాడు.

"వాళ్ళు జవాబు రాసిన్రక్కా. నడిపిచ్చి చూస్తే ఎడమ దిక్కు గోడ కూలిపోయిందట."

"నువ్వు ఎక్కించడంలో ఏదో పొరపాటు చేసుంటావు."

"లే అక్కా. మూడుసార్లు చూసుకున్న. రాసింది గూడ ఒక్కరు కాదు, ముగ్గురు."

"నా కళ్ళతో చూశాను. గంటసేపు తిరిగింది!"

"నిజమే అయి ఉంటదక్కా," అన్నాడు వాడు, కప్పులోకి చూస్తూ. ఆ మర్యాదకు ఇంకా కోపం వచ్చింది.

సోమవారం చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, వెళ్ళి నడిపాను. నిక్షేపంలా తిరిగింది. నవ్వుకుని, అయినా ముగ్గురు అన్నారు కదా అని దాన్ని తెర మధ్యకు జరిపి మళ్ళీ నడిపాను. ఎడమ గోడ మూడో అడుగుకి పగిలింది. నాలుగుకి చిల్లు పడింది. ఆ తర్వాత చీమలపుట్ట కదిపినట్టు తెరంతా పాకి ఆరిపోయింది.

కారణం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. నా ప్రోగ్రాం గళ్ళు లెక్కపెట్టేటప్పుడు అంచున ఉన్న వరసను వదిలేస్తుంది. ఆ వరసలో ఎప్పుడూ ఏమీ పుట్టదు. నా ఆకారం సరిగ్గా ఆ అంచుకు ఆనుకుని ఉంది. మూడో అడుగులో అక్కడ పుట్టవలసినవి పుట్టకపోవడం వల్ల గోడ నిలిచింది. అంటే ఎడమ గోడ నేను కనిపెట్టింది కాదు. తెర అంచు.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన బూట్లకు పాలిష్ చేసుకుంటున్నారు.

"గోడకి జారబడి నిలబడ్డవాడు తన కాళ్ళలోనే బలం ఉందనుకున్నట్టు," అన్నారు.

మాట సరిగ్గానే ఉంది. అందుకే రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత పడిన అవస్థ చెప్పుకుంటే తీరదు. కుడి, పైన, కింద గోడలు బాగానే ఉన్నాయి. ఎడమవైపు మాత్రం మూడో అడుగులో ముద్దలోంచి రెండు గళ్ళు బయటికి ఎగజిమ్ముతాయి. ఆ దెబ్బ తిని, మళ్ళీ తనంతట తాను మునుపటిలా అయ్యేది ఏదో అక్కడ ఉండాలి. ఏది పెట్టినా, ఆ దెబ్బను ఆపేది లోపలి ముద్దను చెడగొట్టేది. ముద్ద జోలికి పోనిది దెబ్బకు పోయేది. స్కూలు బస్సులో గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో వేసుకునేదాన్ని. ధౌలాకువా దగ్గర బస్సు గుంతలో పడినప్పుడల్లా ఒక గడి ఎక్కువ పుట్టేది. ఎండాకాలం సెలవులకు ముందు ఎలాగో ఒక గోడ నిలిచింది. అది గోడ కాదు, కోట. పూరిపాకకు బురుజులు కట్టినట్టు ఉంది. మిగతా మూడు వైపులూ కలిపినా అంత లేదు. కానీ ఈసారి తెర మధ్యలో నిలబెట్టి చూశాను. కూలలేదు. నోయిడా పిల్లవాడి చేత పంపించాను.

ఆ వారమే స్కూలు అధ్యక్షురాలైన బ్రిగేడియర్ గారి భార్య తనిఖీకి వచ్చింది. కంప్యూటర్ గది మేడమ్‌కు ఏం చూపించాలో తోచక అన్ని మెషీన్లలో నా ఆకారాన్నే నడిపించి పెట్టింది. గదినిండా అవే తిరుగుతున్నాయి.

"అరే వాహ్, రంగోలీ!" అంది పెద్దావిడ. "ఎవరు చేశారు?"

"హమారీ లాబ్ మే బనా హై, మేడమ్," అంది మా కంప్యూటర్ మేడమ్. మన ల్యాబ్‌లో తయారైందని. అది అబద్ధమని కూడా అనలేం. నేను తలుపు దగ్గర, తడి చేతులతో, నిలబడి ఉన్నాను.

"వార్షికోత్సవానికి దీన్నే నెమలిలా చేసి పెద్ద తెర మీద వెయ్యండి," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇది మనం అనుకున్న బొమ్మ వేసేది కాదని, నియమం ప్రకారం దానంతట అది నడిచేదని ప్రిన్సిపాల్‌కు బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. ఆయన అంతా తలూపుతూ విని, "అచ్ఛా, అచ్ఛా. తో మోర్ బన్ జాయేగా న?" అన్నాడు. నెమలి తయారవుతుంది కదా అని. ఇక వాదించే ఓపిక లేక, గళ్ళతో నెమలి బొమ్మ పేర్చి, మొదటి అడుగు దగ్గర ఆపి పెట్టాను. వార్షికోత్సవం రోజున ఎవరో ముందే మీట నొక్కేశారు. నెమలి తోక ముక్కలై, మెడ ఊడి, చుక్కలు చుక్కలుగా తెరంతా చెదిరి మాయమైంది. నేను కళ్ళు మూసుకున్నాను. చప్పట్లు వినిపించాయి. నెమలి ఎగిరిపోయిందనుకున్నారు. నెలల తరబడి కష్టపడి నిలబెట్టినదాన్ని ఒక్కరూ నిలబడి చూడలేదు. కూలిపోయిన నెమలిని మాత్రం మరోసారి వెయ్యమని అడిగారు.

దానివల్ల ఒక మేలు జరిగింది. చప్పట్లు కంప్యూటర్ మేడమ్ తలకెక్కాయి. సెలవులు మొదలయ్యే రోజున నన్ను పిలిచి, మూలనున్న ఒక మెషీన్ చూపించి, "ఇసే చలా దీజియే," అంది. నడిపి వదిలేయమని. తెరకు 'మత్ ఛూనా' అని అట్టముక్క తగిలించింది. ముట్టుకోవద్దని. వేడెక్కదా అని అడిగాను. "పంఖా లగా దియా హై," అంది. నిజంగానే ఇంటినుంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని వెనక పెట్టింది. ఆవిడ చెప్పకుండానే వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాను.

ఈలోపల నోయిడా పిల్లవాడు ఆదివారం కాక ఒక బుధవారం వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ఒట్టు. నేను అనలే."

"ఏం అనలేదు?"

"నీ గోడ నిలబడ్డదట. బాగున్నదని రాసిన్రు. వాళ్ళు జమచేసే పట్టీల ఎక్కిచ్చిన్రు. గని కనిపెట్టినోని పేరు నాది పెట్టిన్రు. మెయిల్ నా పేరు మీద పోయింది గదా."

మావారే అన్నారు: "రాయించెయ్ బాబూ, మార్పించెయ్."

"రాసిన సార్. చూస్తమన్నరు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇంకోటి గూడ ఉన్నదక్కా. ఎవడో మంచు దేశపోడు కుడి దిక్కు గోడను సగం తగ్గిచ్చిండట. ఎడమ గోడ మరీ పెద్దగున్నదని గూడ రాసిండు."

మరీ పెద్దగా ఉందట! నాకు తెలియదూ? ఆ కోపమే నన్ను మళ్ళీ ఆ మెషీన్ ముందు కూర్చోబెట్టింది. పిల్లవాడు తెచ్చిన కాగితంలో మంచు దేశపువాడి కుడి గోడ చూశాను. నేను ముద్దకు దూరంగా, అడ్డంగా కట్టుకుంటూ పోయినచోట వాడు నాలుగు గళ్ళ చదరం ఒకటి దగ్గరగా పెట్టాడు. అంతే. దెబ్బ తగిలే క్షణానికి అది ఒక మూల పోగొట్టుకుని, మరుసటి అడుగులో తిరిగి పొందుతుంది. ఇంత చిన్న సంగతి నాకు ఎందుకు తట్టలేదని తల బాదుకున్నాను. దెబ్బకు దూరంగా పారిపోవడమే జాగ్రత్త అనుకున్నాను నేను. ఇక ఎడమవైపు కూడా దగ్గరగా పెట్టేవే వెతకమని ప్రోగ్రాం మార్చి వదిలాను. అట్టముక్క వెనక, ఫ్యాన్ గాలిలో, సెలవుల మధ్యలో అది దొరికింది. నా కోట మొత్తం పోయింది. దాని స్థానంలో ఒక చదరం, పక్కన చిన్న కొక్కెంలాంటిది ఒకటి నిలిచాయి. బస్సులో గీసిన కాగితాలన్నీ చింపి పొయ్యి అంటించుకోవడానికి వాడాను.

ఈసారి ఈమెయిల్‌లో పైనా కిందా నా పేరు రాయించాను. పట్టీలో పెట్టారు. చిన్న ఆకారం కింద ఎడమ గోడ బాగుచేసినది నేనని ఉంది. మొదట కనిపెట్టినది మాత్రం ఆ పిల్లవాడేనని అలాగే ఉంచేశారు. ఇంకా రెండుసార్లు రాయించాను. పట్టీ చూసుకునేవాడు తీరిక లేదన్నాడట.

ఆ సంగతి అక్కడితో అయినా ఆగలేదు. వాడు ఉద్యోగం మారడానికి ఇంటర్వ్యూకు వెళ్తే, అక్కడెవరికో ఈ పిచ్చి ఉందట. పేరు చూసి, రెండో విడతకు రమ్మని, ఆ గోడ ఎలా కనిపెట్టావో చెప్పమన్నారు. వాడు పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

"జల్ది నేర్పియ్యక్కా, రేపు మళ్ళ పోవాలె."

ఆ సాయంత్రమంతా నేర్పాను. వాడికి పుట్టేవి అర్థమైతే పోయేవి అర్థం కాలేదు. పోయేవి అర్థమయ్యేసరికి పుట్టేవి మరిచిపోయాడు. కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాడికి మూడు వరకూ లెక్కపెట్టడం రాదేమిటి అని గట్టిగానే అరిచాను. గోడకు అటువైపు వాళ్ళక్క వినే ఉంటుంది.

మర్నాడు ఫోన్ చేశాడు. "నిజమే చెప్పేసిన అక్కా. ఇది మా పక్కింటక్కది, పేరు ఊకనే నాది పడ్డది అన్న. వాళ్ళు నవ్విన్రు. ఉద్యోగమైతే ఇచ్చిన్రు."

బాగుందని చెప్పి ఫోన్ పెట్టేశాను. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. వాడు తర్వాత వసంత్ కుంజ్‌లో గది తీసుకున్నాడు, ఆదివారాలు రావడం తగ్గింది.

మరుసటి ఏడు వాడే ఒక కాగితం పోస్టులో పంపించాడు. ఎవరో కొత్తవాళ్ళు ఆ ఆకారాన్ని ఇంకా కుదించారు. పై గోడ మారిపోయింది. కింది గోడ మారిపోయింది. మంచు దేశపువాడి కుడి గోడ కూడా పోయింది. బాగుచేసినవాళ్ళ పేర్లలో నాది లేదు. స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని, ఎక్కడైనా కూలుతుందేమో అని ఆశగానే, పెన్సిల్ తీసుకుని ఒక్కో అడుగూ వేసి చూశాను. ఏడో అడుగుకి సరిగ్గా తిరిగి వచ్చింది. అప్పుడు ఎడమవైపు చూశాను. నా చదరం, దాని పక్కన కొక్కెం, నేను పెట్టిన గళ్ళలోనే ఉన్నాయి.